మీటరుకు మూడు తప్పులు

ఆ షెడ్డులో నాలుగు మగ్గాలుండేవి. మూడింటికి గోడ, ఒకదానికి కిటికీ. కిటికీ మగ్గం మీద కూర్చునే ఆమెను అందరూ కొలబద్ద అనేవారు. అసలు పేరు కాగితాల్లో ఉండేది, కాగితాలు పెట్టెలో ఉండేవి, పెట్టె తాళంచెవి ఎక్కడుందో ఆమెకే గుర్తుండేది కాదు. కొలబద్దా అని పిలిస్తే పలికేది. ఆ పిలుపులోని వెక్కిరింత ఆమె చెవికి మెప్పులాగే వినిపించేది.

ముప్పై ఏళ్లుగా ఆమె నేసిన గుడ్డ మీద ఈ కొస నుంచి ఆ కొసకు చూపు జారిస్తే, చూపు ఎక్కడా తట్టుకోదు. పడుగు నిలువుగా నిలబడుతుంది, పేక అడ్డంగా పడుకుంటుంది, ఎవరి చోట వారుంటారు. పోగు తెగితే ముడి వేస్తుంది; ముడి పడిందని పక్క పోగుకు కూడా తెలియదు. వీధి మలుపులో కుట్టుపని చేసే ఆవిడ, కొలబద్ద గుడ్డ వచ్చిందంటే టేపు తీసేది కాదు. అంచునే గీతగా పెట్టుకుని కత్తెర నడిపించేది.

పక్క మగ్గం ఆమె భర్తది. ఆయన్ను ఆవులింత అనేవారు. పేకనూలు మోసే నాడె ఇటు నుంచి అటు వెళ్లి, అటు నుంచి ఇటు వచ్చేలోగా ఆయన ఒక కునుకు తీసి లేవగలడు. ఆయన నేసింది నేసినట్టు వదిలేస్తే అది గుడ్డో గోనెసంచో తేల్చడానికి పంచాయితీ పెట్టాలి. అందుకని ప్రతి మధ్యాహ్నం ఆయన భోజనానికి లేవగానే ఆమె ఆ మగ్గం మీదికి మారి, ముందటి మధ్యాహ్నం నుంచి ఆయన నేసిందంతా విప్పి, తిరిగి నేసి, ఏమీ ఎరగనట్టు తన చోటికి వచ్చి కూర్చునేది. ఆయన నేసేదే తక్కువ గనుక అది పెద్ద పనేమీ కాదు. కాపురంలో అదీ ఒక భాగమని ఆమె అనుకునేది. ఆయనకు మాత్రం తిండి పడ్డాక చూస్తే గుడ్డ చక్కగా కనబడేది. పొట్ట నిండితే చూపు కుదుటపడుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో పొట్టను ఏనాడూ అర్ధాకలితో ఉంచలేదు.

మూడో మగ్గం ఆయన చెల్లెలిది, అంటే కొలబద్దకు ఆడపడుచు. ఆవిడ చెవికీ భుజానికీ మధ్య ఎప్పుడూ ఒక ఫోను నొక్కుకుని ఉండేది. నాలుగో మగ్గం మీద ఎవరూ నేసేవారు కాదు. దాని మీద చేనేత సంఘం కార్యదర్శి ఫైళ్లు పెట్టుకునేవాడు.

ఒకనాటి ఉదయం ఆ కార్యదర్శి ఒక కొత్త ఫైలుతో వచ్చి, గొంతు సవరించుకుని, మగ్గాలన్నీ ఆపించాడు.

"ఇకమీదట దుకాణాలు చేతిముద్ర ఉన్న గుడ్డే తీసుకుంటాయి. అది నిజంగా చేత్తో నేసిందే అని నిపుణులొచ్చి చూసి ముద్ర ఇస్తారు. వచ్చే నెల కాక ఆపై నెల పదిహేను తర్వాత ముద్ర లేనివాళ్ల మగ్గం ఈ షెడ్డులో ఉండదు."

"మగ్గం తీసేసి ఏం చేస్తారు?" అంది ఆడపడుచు.

"ఆ చోట సందర్శకులకు ఒక గది కడతాం. కాఫీ తాగుతూ చేనేతను అనుభూతి చెందుతారు."

"చేనేతను అనుభూతి చెందాలంటే మగ్గం తీసేయాలా?"

"చప్పుడు చేస్తుంది కదమ్మా. అనుభూతికి అడ్డం."

కొలబద్ద ఈ మాటలను పెద్దగా చెవిన వేసుకోలేదు. చేత్తో నేశారా లేదా అన్నదే పరీక్ష అయితే, ఆమెకు రెండు చేతులున్నాయి, ఆ చేతులకు ముప్పై ఏళ్ల కాయలున్నాయి. ముద్ర నాకు కాక ఎవరికి, అనుకుంది. కిటికీ దగ్గరి ఆ చెక్కపీట ఆమె ఒంటికి తగ్గట్టు అరిగింది. దాని మీద నుంచి తనను లేపే దరఖాస్తు లోకంలో ఎక్కడో తయారవుతోందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

వారం తిరిగేసరికి నిపుణులు ఇద్దరు వచ్చారు. ఒకరు వేలికొనల పెద్దమనిషి: గుడ్డ కనబడితే కళ్లు మూసుకుని వేళ్లతో నిమిరి తల పంకిస్తాడు. రెండోవారు భూతద్దం మేడమ్: కళ్లు మూసుకున్నవారికి కనబడనిది ఆవిడ అద్దంతో చూసి రాసుకుంటుంది. ఇద్దరూ మిల్లు బట్టలే వేసుకున్నారు. ఇస్త్రీ మడత చెదరకుండా వచ్చారు.

ముందు ఆడపడుచు గుడ్డ. పెద్దమనిషి వేళ్లు ఒకచోట ఆగాయి, వణికాయి.

"ఇక్కడ ఒక వేదన ఉంది," అన్నాడు.

"ఇక్కడ పార్సిలువాడు ఫోన్ చేశాడు సార్, ఇంటి తలుపు తాళం వేసుందని," అని ఆవిడ చెప్పబోయింది. కార్యదర్శి గట్టిగా దగ్గాడు.

మేడమ్ లెక్కపెట్టింది. మీటరుకు పదకొండు లోపాలు. ముద్ర పడింది. ముదురు గోధుమరంగు అట్టముక్క, దాని మీద ఒక బొటనవేలి గుర్తు. డబ్బాలో అలాంటి ముక్కలు వెయ్యి ఉన్నాయి. వెయ్యింటి మీదా ఉన్నది ఒకే బొటనవేలు.

తర్వాత కొలబద్ద గుడ్డ. పెద్దమనిషి ఈ కొస నుంచి ఆ కొసకు నిమిరాడు, వెనక్కి నిమిరాడు, కళ్లు తెరిచాడు.

"ఇది ఏ యంత్రం మీద నేశారమ్మా?"

ఆమె తన రెండు చేతులూ చూపించింది.

"పోనీ, మాతో చెప్పండి. మేం ఎవరితోనూ అనం."

"ఈ చేతులతోనే సార్. ఆ పీట మీద కూర్చునే."

"లోపాలు సున్నా," అంది మేడమ్ అద్దంలోంచి తల ఎత్తి. "మీటరుకు కనీసం మూడు సహజమైన లోపాలుండాలి. మనిషి నేస్తే తప్పు రాకుండా ఎలా ఉంటుంది? తప్పులోనే కదా మనిషి కనబడేది."

"ఆ తప్పులు రాకుండా చేయడానికే మా అమ్మ నా వేళ్ల మీద కొట్టేది మేడమ్. నమ్మకం లేకపోతే కూర్చోండి, మీ కళ్ల ముందే ఒక జానెడు నేస్తాను."

"మేం నేత చూడమమ్మా, గుడ్డ చూస్తాం," అన్నాడు పెద్దమనిషి జాలిగా. "ఫారంలో నేత చూసినట్టు రాయడానికి గడి లేదు."

ఆవులింత గుడ్డకూ అదే తీర్పు వచ్చింది. అది కూడా కొలబద్ద చేతిదే కదా. పదిహేనో తేదీలోగా మరొక్కసారి చూస్తామని చెప్పి ఇద్దరూ కారెక్కారు.

ఆ రోజు నుంచి కొలబద్ద తప్పు చేయడం నేర్చుకోసాగింది.

గురువు ఆడపడుచే. ముద్ర దొరికిన నాటి నుంచి ఆవిడ నడకలో ఒక ఊపు వచ్చింది.

"ఇందులో ఏముంది వదినా? నేసేటప్పుడు మనసు ఇంకెక్కడో పెట్టుకో. చేయి దానంతటదే తప్పుతుంది."

"ఎక్కడ పెట్టుకోను?"

"మా అన్నయ్య మీద పెట్టుకో."

"మీ అన్నయ్యను తలుచుకుంటే ఇంకా గట్టిగా కొడతాను. గుడ్డ ఇంకా బిగువుగా వస్తుంది."

ఎడమచేత్తో నాడె విసిరింది. మొదటి పది పేకలు తడబడ్డాయి. ఆడపడుచు చప్పట్లు కొట్టింది. పదకొండో పేకకు ఎడమచేయి కుడిచేయి అయిపోయింది. కళ్లు మూసుకుని నేసింది. తెరిచి చూస్తే గుడ్డ మరీ బాగుంది. రేడియో పెద్దగా పెట్టి నేసింది. పేకను కొట్టి బిగించే అచ్చు ఆ పాట వేగానికి తాళం వేసింది, అంతే. ఆడపడుచు ఎదురుగా నిలబడి, పెళ్లయిన కొత్తలో అత్తగారు అన్న మాటలన్నీ వరసగా గుర్తుచేసింది. కొలబద్ద కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు ఎర్రబడింది, చేయి చెక్కు చెదరలేదు.

"నీతో లాభం లేదు వదినా. నువ్వు మనిషివి కావు," అంది ఆడపడుచు ఆయాసపడుతూ.

"ఆ మేడమూ అదేగా అన్నది!"

ఇక తప్పును తప్పులాగా కాక పనిలాగా పెట్టుకుంది. పనిలాగా పెట్టుకుంటే ఆమెకు రానిదేముంది? ఎక్కడ ఒక లావు పోగు తొంగిచూస్తే సహజంగా ఉంటుందో, ఎక్కడ నాడె ఒక పోగు కింద నుంచి దాటిపోతే అమాయకంగా ఉంటుందో ఆలోచించింది. కొలుచుకుంది, గుర్తుపెట్టుకుంది, నేసింది. మీటరుకు మూడు అన్నారు గనుక సరిగ్గా మూడు. ముగించి చూసుకుంటే, చెప్పకూడదు గానీ, తప్పులు కూడా శుభ్రంగా వచ్చాయని లోలోపల కాస్త మురిసింది.

ఈ హడావుడిలో ఆ నెలంతా ఆమె మధ్యాహ్నాలు భర్త మగ్గం వైపు వెళ్లనేలేదు.

"ఏమిటో ఈ మధ్య భోజనం చేసొచ్చినా గుడ్డ బాగుపడడం లేదు," అని ఆవులింత గొణిగేవాడు. "కడుపులో ఏదో తేడా చేసింది."

నిపుణులు మళ్లీ వచ్చారు. కొలబద్ద గుడ్డ మీద మేడమ్ ఈసారి అద్దంతో పాటు టేపు కూడా పరిచింది. ముప్పై మూడు సెంటీమీటర్లకు ఒక లోపం. మరో ముప్పై మూడుకు మరొకటి. ఆ తర్వాత మరో ముప్పై మూడు. మీటరు మారినా లెక్క మారలేదు.

"యంత్రమే," అంది మేడమ్. "అదీ తెలివి మీరిన యంత్రం."

పెద్దమనిషి నొచ్చుకున్నాడు. "మమ్మల్ని మభ్యపెట్టాలని చూశారమ్మా. తప్పులోనైనా నిజాయితీ ఉండొద్దూ?"

ఆమెకు తల తీసేసినట్టయింది. గుడ్డను మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఈలోగా వాళ్లు ఆవులింత మగ్గం దగ్గరికి నడిచారు.

ఆ గుడ్డను ముప్పై ఏళ్లలో మొదటిసారి లోకం చూస్తోంది. అది కప్పను మింగిన పాములా ఒకచోట ఉబ్బి, ఒకచోట సన్నబడి, ఎటు పోవాలో తెలియక పోయినట్టుంది. అంచు అలలు అలలుగా ఊగింది. కొన్నిచోట్ల పేక ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంది. కొన్నిచోట్ల మధ్యలో వేలు దూరేంత సందు. పెద్దమనిషి వేళ్లు దాని మీద పాకాయి, ఆగాయి, మళ్లీ పాకాయి. ఆయన మూసిన కళ్లలోంచి ఒక చుక్క జారింది.

"మేడమ్, ఇది గుడ్డ కాదు. ఊపిరి. ఇదిగో ఇక్కడ... ఇక్కడ ఈయన ఆగాడు. ఎందుకు ఆగారండీ?"

ఆవులింత నిజమే చెప్పాడు. "కునుకు పట్టింది సార్."

"విన్నారా! నేతకూ నిద్రకూ మధ్య ఉండే ఆ సన్నని గీత మీద కూర్చుని నేస్తున్నాడీయన. మీకు శిష్యులెవరైనా ఉన్నారా?"

మేడమ్ లెక్కపెట్టడం నలభై దగ్గర ఆపేసింది.

ముద్ర పడింది. ముద్రతో పాటు 'లయశిల్పి' అని ఒక బిరుదు పడింది. బిరుదుతో పాటు కొలబద్ద కిటికీ కూడా ఆయనకు పోయింది, ఎందుకంటే శిల్పి మీద వెలుతురు పడకపోతే ఫొటోలు బాగుండవని కార్యదర్శి తేల్చాడు. కిటికీ మగ్గం ఆవులింతది. ఆవులింత పాత మగ్గం పదిహేనో తేదీన విప్పేస్తారు. కొలబద్దకు షెడ్డులో ఒక మూల నేల మీద చోటిచ్చి, కండెలకు నూలు చుట్టే పని చూపించారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏమోయ్, నా చేతిలో ఏదో ఉందిట. నాకే తెలియలేదు చూడు."

"నాకు తెలుసు," అంది ఆమె గిన్నెలు తోముతూ. "ముప్పై ఏళ్లుగా దాన్నేగా విప్పుతున్నాను."

"విప్పడమేమిటి?"

"మధ్యాహ్నం మధ్యాహ్నం నువ్వు తిని వచ్చేసరికి గుడ్డ ఎలా బాగుపడుతుందనుకున్నావయ్యా? నేనే నీ మగ్గం మీద కూర్చుని విప్పి నేసేదాన్ని."

ఆయన అద్దం వదిలి ఆమె వైపు తిరిగాడు. ముఖం ఎర్రబడింది. సిగ్గుపడుతున్నాడనుకుంది ఆమె.

"అంటే," అన్నాడు చివరికి, "ముప్పై ఏళ్లుగా నా కళను పాడుచేస్తోంది నువ్వేనన్నమాట!"

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టి ఆయన వంక చూసింది. ఆయనది వేళాకోళం కాదు. నిజంగానే గుండె నొచ్చుకుని, ఆ నొప్పితోనే దుప్పటి ముసుగు పెట్టి, అయిదు నిమిషాల్లో గుర్రు పెట్టాడు.

మగ్గం విప్పడానికి ఇంకా నెల ఉందనగా ఒక పెద్ద హోటల్ నుంచి కబురు వచ్చింది. లయశిల్పి నేసిన ఆ గుడ్డే భోజనాల హాలుకు బల్లగుడ్డలుగా కావాలట. అరవై. ఒక్కటే షరతు: అరవై బల్లలూ ఒక్కలాగే ఉండాలి గనుక అరవై గుడ్డలూ ఒక్కలాగే ఉండాలి. ఆ ఉబ్బు ఆ చోటనే, ఆ సందు ఆ చోటనే, ఆ కునుకు ఆ చోటనే. సహజత్వంలో తేడా రాకూడదు.

కార్యదర్శి ఎగిరి గంతేసి ఆవులింతను కిటికీ ముందు కూర్చోబెట్టాడు. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. ఆయన తప్పులు ఆయన మాట వినవు. మొదటి గుడ్డలో ఉబ్బు ఈ కొసకు రావలసింది ఆ కొసకు వచ్చింది. రెండోది జానెడు వెడల్పు ఎక్కువైంది. మూడో గుడ్డ నాటికి ఇంకో ఉపద్రవం: కిటికీలోంచి వెలుతురు ముఖాన కొట్టి, ఫొటోలవాళ్లు వచ్చి పలకరించి, ఆయనకు నిద్ర కరువైంది. నిద్ర లేకపోయేసరికి చేయి కుదుటపడి గుడ్డ ఇంచుమించు తిన్నగా రాసాగింది.

"ఇలా అయితే ముద్ర పోతుందండీ! కాస్త పడుకోండి," అని కార్యదర్శి బతిమాలాడు.

"పడుకోమంటే నిద్ర వస్తుందా? ఇది కళ," అన్నాడు ఆవులింత కళ్లు నులుముకుంటూ.

చివరికి కార్యదర్శి మూలనున్న కొలబద్ద దగ్గరికి వచ్చి, నేల మీదే గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, మీకు లెక్క బాగా నిలుస్తుందటగా. ఆయన గుడ్డ ముందు పెట్టుకుంటే, ఆ తప్పులు ఆ చోట్లలోనే వేయగలరా?"

"వేయగలను."

"అరవైలోనూ?"

"అరవైలోనూ. మగ్గం ఏదీ?"

కార్యదర్శి చేతిలోని ఫైలు తిరగేశాడు. ఆమె రాట్నం ఆపింది.

"కిటికీ మగ్గం నాది. ముద్ర ఉన్నా లేకపోయినా నాదే. కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

"అలాంటి రూలు లేదమ్మా."

"ఉన్న రూలుతో ఆయన చేత నేయించుకోండి మరి."

కార్యదర్శి వెనక్కి తిరిగి చూశాడు. కిటికీ దగ్గర శిల్పి పట్టుదలగా కళ్లు మూసుకుని, రాని నిద్ర కోసం తంటాలు పడుతున్నాడు. కాగితం వచ్చింది. కానీ కార్యదర్శి కూడా గడుసువాడే. కింద ఒక వాక్యం చేర్చాడు: అరవై గుడ్డల్లో ఏ ఒక్కటి నమూనాలోని లోపాలు లేకుండా వచ్చినా, మగ్గం వెంటనే విప్పబడును. ఆ వాక్యాన్ని ఆడపడుచు రెండుసార్లు చదివి వినిపించింది. కొలబద్ద తల ఊపి, పాత క్యాలెండరు కాగితం ఒకటి తిరగేసి, భర్త గుడ్డను ఒళ్లో పరుచుకుని పట్టీ రాసుకుంది.

ఎనభై రెండో పేక దగ్గర కునుకు. నూట పది నుంచి నూట ఇరవై దాకా ఆవులింతలు, మొత్తం మూడు. నూట నలభైలో దోమ కుట్టి ఉంటుంది, రెండు పేకలు ఒకే దారిన పోయాయి. రెండువందల ఆరు దగ్గర లేచి వెళ్లి, వచ్చి, ఏ కాలు తొక్కాలో మరిచిపోయాడు. ముప్పై ఏళ్ల కాపురం ఆ క్యాలెండరు వెనక ఒక్క పేజీలో ఇమిడిపోయింది.

మొదటి గుడ్డ నేసింది. నమూనా పక్కన పెడితే ఏది ఏదో తెలియలేదు. ఆవులింత వచ్చి చూసి, "ఇది నాదే," అన్నాడు గర్వంగా. రెండోది నేసింది. మూడోది నేసింది. ఎనభై రెండో పేక వచ్చిన ప్రతిసారీ చేయి ఒక్క క్షణం మొండికేసేది. ఇన్నేళ్లు ఏ కునుకును విప్పి సరిచేసిందో ఆ కునుకునే పనిగట్టుకుని నేయమంటే చేతికి అర్థమయ్యేది కాదు. ఆమె చేతిని గదిమి నేయించేది.

నాలుగోది మొదలుపెట్టిన పూట, కుట్టుపని ఆవిడ వీధిలో పోతూ కిటికీ దగ్గర ఆగింది. లోపలికి చేయి పెట్టి, మడిచి ఉన్న గుడ్డల్లో పైదాన్ని అలవాటుగా తడిమింది. తడిమి, గబుక్కున ముఖంలోకి చూసింది.

"ఏమ్మా, ఒంట్లో బాగుండడం లేదా?"

"బాగానే ఉన్నాను. ఏం?"

"ఏం లేదులే. చేయి ఏమైనా పట్టేసిందేమో అనుకున్నాను. వయసు మీద పడుతోంది కదా మనకూ." ఆవిడ గొంతు తగ్గించింది. "ఈసారికి నేను టేపు పెట్టుకుని కత్తిరించుకుంటాలే. ఎవరికీ చెప్పను."

ఆ జాలి ముందు నిపుణుల ఎగతాళి ఎంత? ఆవిడ చెప్పులు మలుపు తిరిగేదాకా కొలబద్ద కదల్లేదు. తర్వాత క్యాలెండరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సన్నగా చుట్టి, వదులుగా ఉన్న ఒక కండెకు బిరడాలా దోపింది. నేసిన మూడు గుడ్డలనూ పోగుపోగుగా విప్పడం మొదలుపెట్టింది.

ఆడపడుచు ఫోను పెట్టేసి పరుగెత్తుకొచ్చింది. ఫోను మధ్యలో పెట్టేయడం ఆవిడ చరిత్రలో అదే మొదలు.

"వదినా, నీకేమైనా పిచ్చా? కాగితంలో ఏం రాశాడో చదివాను కదా! ఒక్కటి తిన్నగా వచ్చినా మగ్గం విప్పేస్తారు!"

"అరవై తిన్నగా వస్తాయి."

"మళ్లీ ఆ మూల కూర్చుని కండెలు చుట్టుకుంటావా?"

"చుట్టుకుంటాను. చుట్టిన నూలైనా తిన్నగా ఉంటుంది. వంకరగా నేసి ఈ పీట మీద కూర్చుంటే, కూర్చున్నది నేను కాదే పిల్లా, మీ అన్నయ్య."

ఇక ఆమె నేసిన తీరు చూడాలి. చెక్క మీద కాలు పడితే పడుగు విచ్చుకుంది, నాడె దూసుకుపోయింది, అచ్చు వచ్చి కొట్టింది. కాలు, నాడె, అచ్చు. కాలు, నాడె, అచ్చు. ఎనభై రెండో పేక మిగతా పేకల్లాగే వచ్చి, మిగతా పేకల్లాగే పడుకుంది. అరవై గుడ్డలు ఒకదాని మీద ఒకటి పేర్చితే, పక్క నుంచి చూసినవారికి అవి ఒకే చెక్కలోంచి కోసినట్టు కనబడ్డాయి. ఆవులింత రెండుసార్లు వచ్చి చూసి, ఒకసారి నోరు తెరిచి, ఏమీ అనకుండా దాన్ని ఆవులింతగా మార్చుకుని వెళ్లిపోయాడు. పెళ్లాం దొరికిపోతే తన బిరుదు కూడా దొరికిపోతుందని అప్పటికి ఆయనకూ అర్థమైంది.

పదిహేనో తేదీ వచ్చింది. మగ్గం విప్పే వడ్రంగి పనిముట్ల సంచితో గుమ్మంలో కూర్చున్నాడు, ఏ మగ్గమో తేలితే పని ముగించుకుని పోదామని. నిపుణులు వచ్చారు. కొలబద్ద కిటికీ మగ్గం పక్కన, పీటకు ఒక చేయి ఆనించి నిలబడింది.

భూతద్దం మేడమ్ సంచి తెరిచి, మళ్లీ మూసేసింది.

"ముద్ర పొందిన చేతి గుడ్డ కదా. దానికి అద్దం పెడితే కళాకారుణ్ణి అవమానించినట్టే," అంది. డబ్బాలోంచి అట్టముక్కలు తీసి, లెక్కగా అరవై, కార్యదర్శికిచ్చింది.

పెద్దమనిషి మాత్రం నిమరకుండా ఎలా ఉంటాడు? పైగుడ్డ తీసి బల్ల మీద పరిచి, కళ్లు మూసుకున్నాడు. ఆడపడుచు ఊపిరి బిగబట్టింది. ఆవులింత గోడ వైపు తిరిగాడు. వేళ్లు నెమ్మదిగా జారుతూ, జారుతూ, నడిమధ్యకు వచ్చి ఆగాయి.

"ఆహా!" అన్నాడు.



"అదే కునుకు. అదే తడబాటు. అరవైసార్లు అదే అమాయకత్వం! శిల్పిగారూ, ఇదెలా సాధ్యం?"

"ఏదో సార్... దైవికంగా అలా," అన్నాడు ఆవులింత గోడతో.

"ఎక్కడ సార్?" అంది కొలబద్ద.

అడగకుండా ఉండవలసింది. ఆడపడుచు ఆమె మోచేయి గిల్లింది. కానీ పెద్దమనిషికి వివరించడమంటే ఇష్టం. ఆమె చూపుడు వేలు పట్టుకుని తీసుకెళ్లి గుడ్డ మీద ఒకచోట ఆనించాడు.

"ఇక్కడమ్మా. ఇదిగో. తెలుస్తోందా? ఒక్క క్షణం చేయి తప్పింది. మళ్లీ దొరికింది. యంత్రానికి ఇది రాదు. మీరు ఎంత ప్రయత్నించినా మీకూ రాదు. ఏమీ అనుకోకండి."

"ఏమీ అనుకోను," అంది ఆమె.

కార్యదర్శి కాగితం మీద షరతు తీరినట్టు సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాడు. కిటికీ మగ్గం ఆమెది. ఆవులింత మగ్గం ముద్ర గల మగ్గం గనుక కదిలించరాదు. కాఫీ గదికి మరి చోటెక్కడ అని కాసేపు తర్జనభర్జన పడి, నాలుగో మగ్గం మీది ఫైళ్లు దింపించారు. వడ్రంగి దాన్ని విప్పి, చెక్కలు బండిలో వేసుకుని వెళ్లిపోయాడు. నిపుణుల కారు వీధి దాటింది. ఆవులింత తన పీట మీదికి చేరి, గోడకు తల ఆనించి, పదిహేను రోజుల బాకీ నిద్రలోకి జారుకున్నాడు.

ఆడపడుచు అరవై అట్టముక్కలకూ దారాలు కట్టింది. "గెలిచావు వదినా! కళ్లు మూసుకుని నిమిరితే ఏం తెలుస్తుంది వాడి మొహం! రా, మూట కడదాం, హోటల్ బండి వచ్చేస్తుంది."

కొలబద్ద పైగుడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు పట్టింది. పెద్దమనిషి తన వేలు ఆనించిన చోటును సూదిమొనతో పట్టుకుంది. అటు ఇరవై పోగులు, ఇటు ఇరవై పోగులు లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి. ఎక్కడివక్కడే ఉన్నాయి. గుడ్డ తిరగేసి వెనక నుంచి లెక్కపెట్టింది. సరిగ్గానే ఉంది.

"ఏమిటి వెతుకుతున్నావు?"

"ఏం లేదు."

వేలితో ఒకసారి నిమిరింది. కళ్లు మూసుకుని మరొకసారి నిమిరింది. బయట బండి హారను మోగించింది.

"వదినా, బండి!"

"ఉండవే," అంది కొలబద్ద, సూదిమొనను మళ్లీ మొదటి పోగు మీద పెడుతూ.